ఆకు కింద నూటపదహార్లు

మా ఇంట్లో పాడేవాళ్లకు ఎంత ఇస్తామో నోటితో చెప్పే అలవాటు లేదు. ఇత్తడి పళ్లెంలో కొబ్బరికాయ, అరటిపళ్లు, చాపు పంచె, తమలపాకులు పెట్టి, ఆకుల కింద డబ్బు ఉంచి రెండు చేతులా అందించేవాళ్లం. పుచ్చుకునే ఆయన పళ్లేన్ని కళ్లకద్దుకుని, అందులో ఉన్నదంతా సంచిలో ఒంపుకునేవాడు. ఆకుల కిందికి చూసేవాడు కాదు. చూస్తే ఇచ్చినవాళ్లను అనుమానించినట్టు. ఎంతని అడిగాడా, ఇక మళ్లీ ఆ గడప తొక్కే పని ఉండదు.

ఆ ఆకుల కింద తాత నాటి నుంచి నూటపదహార్లే ఉండేవి. తాత రోజుల్లో ఆ డబ్బుకు పాడి ఆవు వచ్చేదని చెప్పుకునేవాళ్లు. నాన్న రోజుల్లో రెండు మేకలు వచ్చేవేమో. నా చేతికి వచ్చేసరికి ఒక మేకపిల్లే గగనం. అయినా సంఖ్య మారలేదు. నూటపదహార్లంటే నిండైన మాట, శుభమైన మాట. అది తక్కువేమో అన్న అనుమానం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఒకవేళ వచ్చినా దాని తర్వాత ఐదువందల పదహార్లే. ఆ రెంటికీ మధ్య మా ఇళ్లలో మెట్టు లేదు. ఆ లేని మెట్టును కట్టబోయి నేను చేసిన నిర్వాకం ఇది.

కడంబత్తూరు స్టేషన్లో దిగి పొలాలకు అడ్డంగా రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. ఊళ్లో సగం ఇళ్లు మావాళ్లవే, తెలుగు మాట్లాడే రైతులు. బడి తమిళం, బజారు తమిళం, ఇంట్లో తెలుగు. భజన మందిరం ముందు శ్రీరామనవమికి పది రోజులు పందిరి వేసి, రోజూ సాయంత్రం కచేరి పెట్టేవాళ్లు. ఆ ఖర్చుకు ఊరంతా చందాలు వేసుకోవడం ఉండేది కాదు. ఒక్కో రోజు ఒక్కో ఇంటిది. దాన్ని ఉభయం అంటారు. ఆ రోజు పూలు, పానకం, వడపప్పు, దీపాల నూనె, కచేరి అన్నీ ఆ ఇంటివాళ్లే చూసుకోవాలి. తండ్రి తర్వాత కొడుక్కి పొలం వచ్చినట్టే ఉభయమూ వస్తుంది. పొలం అమ్ముకున్నవాడు కూడా ఉభయాన్ని మాత్రం వదులుకోడు. మాది ఆరో రోజు.

కచేరీల బేరం పది ఇళ్ల చేతుల్లో ఉంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మొదటి రోజు రైసుమిల్లు వాళ్లది. మదరాసు నుంచి పేరున్న గాయకుణ్ణి కారులో తెచ్చేవాళ్లు. కారు చూడటానికే సగం ఊరు వచ్చేది. నాలుగో రోజు ఇంటివాళ్లు రెండేళ్లుగా అరక్కోణం నుంచి సినిమా పాటల పార్టీని తెస్తున్నారు. గిటారు, డ్రమ్ములు, తళతళలాడే చొక్కాలు. ఆ రోజు జనం పందిట్లో పట్టేవాళ్లు కాదు. పందిరి బయట బొరుగులు, బొమ్మలు, గాజులు అమ్మేవాళ్లకు మందిరం కమిటీ ఏ రోజుకా రోజు చోటు వేలం వేసేది. పార్టీ పాడే రోజు వేలంలో వచ్చిన డబ్బు మిగతా అన్ని రోజుల డబ్బుకు సమానం. ఆరో రోజున అంగళ్లవాళ్లు గోనెపట్టా కూడా పరిచేవాళ్లు కాదు, ఇంటిపట్టునే ఉండి బట్టలుతుక్కునేవాళ్లు.

ఎందుకంటే ఆరో రోజు మా అయ్యవారిది.

అయ్యవారు తిరుత్తణిలో సంగీతం చెప్పుకునే మనిషి. మా తాత పోయే ముందు ఏడు ఏదో పెళ్లిలో ఆయన పాట విని, అక్కడికక్కడే ఆరో రోజుకు తాంబూలం ఇచ్చి వచ్చాడు. అప్పట్నుంచి పదహారేళ్లు ఆయనే. గొప్ప గాయకుడా అంటే నేను చెప్పలేను, నా సంగీత జ్ఞానం అంతంత మాత్రం. పైస్థాయిలో ఒక చోట ఆయన గొంతు చీలేది. చీలుతుందని ఆయనకూ తెలుసు. కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి చెవి మీద పెట్టుకుని, వెనక్కి తగ్గకుండా అక్కడికే వెళ్లేవాడు. తెలిసి తెలిసి వెళ్లేవాడు. నాకు ఆయన పాటలో ఆ చోటే ఇష్టం.

ప్రతి ఏడూ మధ్యాహ్నం ప్యాసింజరులో ముగ్గురు దిగేవాళ్లు. అయ్యవారు, మృదంగం వాయించే ఆయన మేనల్లుడు, ఫిడేలు ఆయన. అరక్కోణంలో బండి మారి, చెమటలు కారుతూ వచ్చి, మా వాకిట్లో కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చునేవాళ్లు. అమ్మ మామిడికాయ పప్పు చేసేది. చెయ్యి కడుక్కున్నాక అయ్యవారు నన్ను పిలిచి అడిగేవాడు, "ఈ తూరి యా రాగం గావాల నాయనా నీకు?" అని. నాకు తెలిసిన రాగం పేరు ఒక్కటే, మోహన. ప్రతి ఏడూ అదే చెప్పేవాణ్ణి. ప్రతి ఏడూ మొదటిసారి విన్నట్టు తలూపి, "మంచి రాగమే అడిగినావే" అని, కచేరిలో నా వైపు చూసి మొదలుపెట్టేవాడు. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఇది మారలేదు.

డెబ్బైల చివర్లో ఒక ఏడు సంక్రాంతి వెళ్లాక నాన్న పోయారు. ఆరో రోజు నా మీద పడింది. అప్పటికి నేను తిరువళ్లూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. కాగితం, కార్బన్, రబ్బరు స్టాంపు ఉంటే ప్రపంచంలో చక్కబడని పని లేదని నా నమ్మకం. దానికి తోడు ముక్కు మీద కోపం.

నాన్న మాసికం భోజనాలు అయిన రోజే మా మేనమామ నన్ను పక్కకు పిలిచాడు. మందిరం కమిటీకి ఆయనే పెద్ద.

"అల్లుడా, ఆరో రోజు సంగతి యోచన చేసినావా? పంపుసెట్ల అంగడాయన ఆర్నూర్లు బెట్టి పాటల పార్టీ దెస్తానంటా వుండాడు. ఆయనకు మన పందిట్లో ఒక దినం గావాలంట."

"ఆరో రోజు మాది గదా మామా."

"మీదే, ఎవురు కాదనినారు? మీ నాయన ఆకు కింద ఏమి బెట్టినాడో ఎవురికి దెల్సు? కమిటీలో అడిగితే నేనేమి జెప్పేది? ఈ ఏడు నుంచి ఒక కట్టుబాటు బెట్టినాం. కచేరికి నూటాయాభైకి తక్కువైతే అది ఉభయం గాదు. పాడినోళ్ల చేత రసీదు రాపించల్ల. రసీదు లేకుంటే మరుసటి ఏడుకి ఆ దినం ఇంకొకరికి. సరి, విడు, నీ మింద కోపమేమీ లేదు నాకు."

నాకు మాత్రం ఒళ్లు మండింది. మా ఇంటిని, మా నాన్నను లెక్క అడుగుతారా అని. కానీ ఆ రాత్రి పడుకున్నాక కోపం తిరిగి వేరే దారి పట్టింది. మామ అడిగినదాంట్లో తప్పేముంది? ఎంతో చెప్పకుండా మనిషిని పిలవడమేమిటి, ఎంతో అడక్కుండా ఆయన రావడమేమిటి? అయ్యవారికి కూడా ఇది అన్యాయమే కదా. నూటపదహార్లను నూట యాభై చేస్తాను. ముందే రాసి తెలియపరుస్తాను. రసీదు తీసుకుంటాను. ఉభయం నిలుస్తుంది, అయ్యవారి కచేరీ నిలుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాన్న ప్రతి ఏడూ ఒక కార్డు రాసేవారు, తెలుగులో, రెండే ముక్కలు. ఆరో రోజు ఫలానా వారం పడింది, తమరు దయచేయవలెను. నాకు తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు. నా చదువంతా తమిళం. అందుకని ఆఫీసులో కూర్చుని పెద్ద కాగితం మీద చక్కని తమిళంలో ఉత్తరం రాశాను. గత సంవత్సరాలలో తమరి పార్టీకి ఇస్తూ వచ్చిన రూపాయలు నూట పదహారును ఈ సంవత్సరం నూట యాభైగా పెంచడమైనది. పక్కవాద్యాల వారికి ఇవ్వవలసినదీ రైలు చార్జీలూ ఇందులోనే చేరినవి. కచేరి సరిగ్గా ఐదున్నరకు మొదలుపెట్టవలెను. ముగిసిన పిమ్మట రసీదులో సంతకం చేయవలెను. కింద తేదీ, సంతకం. కార్బన్ పెట్టి నకలు కూడా తీసుకున్నాను. అంత మంచి ఉత్తరం మా ఆఫీసులో ఎవరూ రాయలేరని అనుకున్నాను.

అమ్మకు చదివి వినిపించాను. వింటూ వింటూ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"అయ్యవారికి లెక్క రాస్తారా ఎవురన్నా?"

"ముప్పై నాలుగు జాస్తి ఇస్తామని రాసినానమ్మా. తక్కువ చేస్తానని గాదు."

"జాస్తో తక్కువో, దాన్ని ఆకు కింద బెట్టరాదా?"

"ఆకు కింద బెడితే మామకు కనబడదు" అని కసిరాను. అమ్మ మళ్లీ చేట అందుకుంది.

పది రోజులైనా జవాబు లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం మృదంగం వాయించే మేనల్లుడు తిరువళ్లూరులో మా ఆఫీసుకే వచ్చాడు. ఎండలో వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నా ఉత్తరం మడతలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఈ జాబు మీరే రాసినారా సార్?"

"నేనే. ఏం?"

"మా మామకు అరవం చదివేది రాదు సార్. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో వుండినప్పుడు తెలుగు బళ్లో చదువుకున్నోడు. మాట్లాడతాడు, చదవలేడు. జాబు వచ్చిన పొద్దు నేనూ ఫిడేలాయనా ఆడనే వుండినాం. మీ ఊర్నించి వచ్చిందని సంతోషంగా నా చేతికిచ్చినాడు. గట్టిగా చదవరా, ఆయనా ఇంటాడు అనినాడు."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. చదివితే ఏమైంది అన్నట్టు చూశాను.

"నూటపదహారని వచ్చింది సార్. నేనే తప్పు చదివినానేమో అని మళ్లీ చదివినా. మాకిద్దురికీ ఏటేటా చెరి డెబ్బై అయిదు ఇస్తా వుండినాడు మామ. మీ ఇంటోళ్లు మూడునూర్లు ఇస్తారని చెప్తా వుండినాడు. ధర్మాత్ములు, అడక్కుండా ఇస్తారు అని."

నేను గుమాస్తాను. లెక్క నా ప్రమేయం లేకుండానే బుర్రలో నడిచిపోయింది. ఇద్దరికీ కలిపి నూట యాభై. ముగ్గురి రైలు చార్జీ వేరే. మేమిచ్చింది నూటపదహార్లు. మా పందిట్లో పాడినందుకు అయ్యవారు ప్రతి ఏడూ చేతి నుంచి యాభై దాకా పోసుకుంటున్నాడు. పెళ్లికెదిగిన పిల్లలకు నాలుగు కీర్తనలు నేర్పి ఒక్కొక్కరి దగ్గర నెలకు పది, పదిహేను తెచ్చుకునే మనిషి. నేను ఉదారంగా పెంచి రాసిన నూట యాభై ఆయన ఆ ఇద్దరికీ ఇస్తున్నంత మాత్రమే. తల కొట్టేసినట్టయింది.

"మరి ఎందుకు వస్తా వుండినాడు?" అన్నాను.

"నోటీసుకు సార్. మీరు పింక్ కాయితం మింద కొడతారు గదా, ఆరో రోజు ఫలానా విద్వాంసుడి కచేరి అని. పాట నేర్పమని వచ్చే ఆడబిడ్డల నాయనలు అడుగుతారు, ఈ ఏడు యాడ పాడినారు అయ్యవారూ అని. చూపించే దానికి అదొకటే వుండాది ఆయనకు. ఏడాదికి ఒక కచేరి."

పక్క బల్ల మీద ఎవరో స్టాంపు కొడుతున్నారు.

"ఫిడేలాయన పెట్టె దీసుకొని ఎల్లిపోయినాడు. నేనూ రాను సార్. ఇప్పుడు తెల్సినంక ఆ దుడ్డు ఎట్ల దీసుకునేది? దీసుకోకుండా వాయిస్తానంటే మామ ఒప్పుకోడు. నువ్వు కూలీ లేకుండా నా పక్కన కూర్చుంటే నేను విద్వాంసుణ్ణి ఎట్లయితాను అంటాడు."

ఉత్తరం అక్కడే వదిలి వెళ్లిపోయాడు. దాన్ని చించి పారేశాను. నకలు మాత్రం ఫైల్లో ఉండిపోయింది.

ఆ ఆదివారం తిరుత్తణి వెళ్లాను. కొండకు వెళ్లే భక్తులు గుండ్లకు గంధం పూసుకుని వీధి నిండా నడుస్తున్నారు. అయ్యవారి ఇల్లు పూల కావళ్లు కట్టే అంగడి వెనక సందులో, ఒకటే గది. ఇద్దరు ఆడపిల్లలు సరళీ వరసలు పాడుతున్నారు. గోడకు ఒక మేకు, మేకుకు గుచ్చి మా రామనవమి నోటీసులు. పైవి పింకు రంగులో ఉన్నాయి, అడుగువి వెలిసి తెల్లబడిపోయాయి. నేను వాటిని ఎన్నిసార్లు చూసి ఉంటానో, ఊళ్లో అరటిపళ్లు చుట్టడానికి వాడేవాళ్లం.

నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి."

పదహారేళ్లలో ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు. చెంప మీద కొట్టినా అంత బాధ అయ్యేది కాదు. పిల్లల్ని పంపేశాక కమిటీ కట్టుబాటు సంగతంతా చెప్పాను. రసీదు లేకపోతే ఆరో రోజు పోతుందని, అందుకే రాశానని, బుద్ధి తక్కువై రాశానని చెప్పాను.

"ఆ జాబు మరిచిపోండి అయ్యవారూ. ఎప్పటి మాదిరే ముగ్గురూ రండి. ఎంతయినా..."

"ఎంతయినా అనొద్దండి" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "మీరు ఒక మాట కాయితం మింద రాసినారు. ఇంత ఇస్తామని నాకు రాసినోళ్లు ఇంతదాకా ఎవురూ లేరు. నా వెల ఎంతో నాకూ తెలియల్ల గదా ఒకనాటికి. నూటాయాభైకి వొస్తాను. రసీదులో సంతకం బెడతాను. మీ దినం మీకు నిలవనీ."

"నన్ను మీరు అనకండి అయ్యవారూ."

"ఆఫీసు జాబు రాసే వోళ్లను నువ్వు అంటే బాగుంటాదా?" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

ఆరో రోజు మధ్యాహ్నం ప్యాసింజరులో ఆయన ఒక్కడే దిగాడు. శ్రుతిపెట్టెను తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. అమ్మ మామిడికాయ పప్పు చేసింది. రెండు ముద్దలు తిని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఏ రాగం కావాలని నన్ను అడగలేదు. నాకై నేను చెప్పే మొహం నాకు లేదు.

సరిగ్గా ఐదున్నరకు మొదలుపెట్టాడు. ఉత్తరంలో రాసింది ఐదున్నర కదా. పందిట్లో మా ఇంటివాళ్లతో కలిపి ముప్పై మంది ఉండొచ్చు. మామ ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పంపుసెట్ల అంగడాయన కూడా వచ్చాడు, రేపటి తన పొలాన్ని చూసుకోవడానికి వచ్చినట్టు పందిరి గుంజల్ని తేరిపార చూశాడు. వేదిక మీద అటు మృదంగం లేదు, ఇటు ఫిడేలు లేదు. రెండు పక్కలా జంపఖానా ఖాళీగా ఉంది. కుడి చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ, ఎడమ చేత్తో శ్రుతిపెట్టె తిత్తి ఆడించుకుంటూ పాడాడు. మొదటి రెండు కీర్తనలకు ఆడవాళ్లు తాళం కలిపారు. మృదంగం లేకపోయేసరికి ఎక్కడ దెబ్బ వెయ్యాలో తెలియక ఒక్కొక్కరే చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు.

మూడో కీర్తనలో ఆ చోటు వచ్చింది. గొంతు చీలే చోటు. ఎడమ చెయ్యి ఎప్పట్లా చెవి మీదికి లేచింది. లేవగానే తిత్తి ఆగిపోయింది, శ్రుతి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన ఒట్టి గొంతుతో పైకి వెళ్లాడు. అది ఎప్పటికంటే ఎక్కువ చీలింది. వెనక ఎవరో కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. లేచి వాళ్ల చెవులు మెలేద్దామనుకున్నాను. కాని వాళ్లకంటే ముందు నా చెవులు మెలెయ్యాలి.

మోహన పాడకుండానే మంగళం పాడేశాడు.

పళ్లెం అమ్మ సర్దింది. ఆకుల కింద ఐదువందల పదహార్లు పెట్టమని పొద్దున్నే చెప్పి ఇచ్చాను. నూరు రూపాయల నోట్లు ఐదు, ఒక పది, ఒక ఐదు, ఒక రూపాయి బిళ్ల. నేను కూడబెట్టుకున్నదంతా అదే. ఆయన ఎప్పుడూ చూడడు కదా, ఇంటికి వెళ్లాక తెలుస్తుంది, అప్పుడు తిరిగి ఇవ్వలేడు అని నా ఎత్తు. ఆఖరికి ఆయన మర్యాద మీదే నేను పందెం వేశాను.

ఆయన పళ్లెం అందుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. సంచిలో ఒంపుకోలేదు. పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని, తమలపాకుల్ని ఒక్కొక్కటిగా పక్కకు తీసి, నోట్లు బయటికి తీశాడు. అంతమందిలో, వేదిక మీద, దీపం ముందు కూర్చుని, వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. పందిరంతా చూస్తోంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన రెండు నూరు నోట్లు పక్కన పెట్టుకుని, మొలలోని చిన్న సంచి విప్పి అందులోంచి నలిగిన యాభై నోటు తీసి పళ్లెంలో వేశాడు. మిగతా మూడు నూర్లు, పది, ఐదు, ఆ రూపాయి బిళ్ల అన్నీ మళ్లీ ఆకుల కింద సర్ది పళ్లెం నా వైపు జరిపాడు.

"మాట నూటాయాభై గదండీ. సరిపోయింది" అన్నాడు. తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా, "రసీదు గావాలన్నారు గదా. యాడ సంతకం బెట్టేది?" అన్నాడు.

రసీదు నా చొక్కా జేబులోనే ఉంది. రెవిన్యూ స్టాంపు అంటించి, మొత్తం రాసి, మడతపెట్టి పెట్టుకున్నాను. మామ మెడ సాచి చూస్తున్నాడు. ఆ కాగితం తీసి ఆయన చేతికి ఇస్తే ఆరో రోజు మాది, వచ్చే ఏడూ నోటీసులో ఆయన పేరు. ఆయన అడిగింది అందుకే. అది నాకు తెలుసు. కాని అంతమంది ముందు ఆయన చేత నూటాయాభైకి సంతకం పెట్టించుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. నా చేతులు నాకే అసహ్యంగా అనిపించాయి.

"రసీదు అక్కర్లేదు అయ్యవారూ" అన్నాను.

ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. కలం కోసం చాచిన చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"అక్కర్లేదంటే ఎట్ల అల్లుడా?" అన్నాడు మామ ముందు వరస నుంచి.

"అక్కర్లేదని చెప్పినాను గదా" అని అరిచాను. పందిట్లో అరవడం అదే మొదలు, అదే ఆఖరు.

రాత్రి బండికి స్టేషను దాకా వెంట వెళ్లాను. దారిలో ఎండల సంగతి, ఈ ఏటి మామిడి కాపు సంగతి మాట్లాడాడు. పదహారేళ్లలో మా పందిట్లో పాడి ఆయన ఇంటికి నాలుగు డబ్బులు పట్టుకెళ్లింది ఆ ఒక్క సాయంత్రమే, అదీ ఒంటరిగా వచ్చాడు కాబట్టి. ఈ సంగతి నాకు ప్లాట్‌ఫారం మీద తట్టింది. బండి కదిలాక చాలాసేపు అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను.

ఆ రాత్రి నాకు పౌరుషంగా అనిపించింది, మర్యాద నిలబెట్టానని. మర్నాడు ఆఫీసుకు వెళ్లే రైల్లో అసలు సంగతి తెలిసింది. మొదట నా తెలివితో ఆయన పక్కవాద్యాలు పోగొట్టాను, తర్వాత నా సిగ్గుతో ఆయన కచేరీ పోగొట్టాను. రెండుసార్లూ ఆయన్ను అడగలేదు. మామ మాట తప్పే మనిషి కాదు. రసీదు లేదు గనక ఆరో రోజు పంపుసెట్ల అంగడాయనకు వెళ్లిపోయింది.

ఆ ఏడంతా నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఇరవై ఆరేళ్ల గుమాస్తా చిన్నపిల్లల వాచకం పట్టుకుని ఒత్తులు రాస్తుంటే అమ్మ నవ్వేది. ఈ నాలుగు ముక్కలు ఇవాళ తెలుగులో రాస్తున్నానంటే ఆ ఉత్తరమే కారణం. ఆరో రోజు పోయిన సంగతి చెప్తూ అయ్యవారికి ఒక కార్డు రాయాలని మొదలుపెట్టాను. నేను కూడబలుక్కునేలోపే ఫాల్గుణంలో ఆయన దగ్గర్నుంచే కార్డు వచ్చింది. తెలుగులో, గుండ్రటి అక్షరాలు. నా అంతట నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి తెలుగు ఉత్తరం అదే. వసారాలో కూర్చుని వేలు పెట్టుకుని చదివాను.

చిరంజీవి నాయనకు ఆశీర్వాదములు. ఇక్కడ అందరూ క్షేమం. ఈ తూరి ఆరో రోజు ఏ వారం పడినదో తెలియజేయుము. మేనల్లుడు వచ్చుటకు ఒప్పుకొన్నాడు. వెల ఏమియు వ్రాయవద్దు, ఆకు కింద నీ ఇష్టం. తెలుగులో వ్రాస్తివా, నేనే చదువుకొందును.

ఆ ఏటి నోటీసు అప్పటికే అచ్చయి వచ్చి మా గోడకు వేలాడుతోంది. పింకు కాగితం. ఆరో రోజు దగ్గర పంపుసెట్ల అంగడి పేరు, దాని కింద పాటల పార్టీ పేరు.

"ఏమి రాసినాడు అయ్యవారు?" అని లోపల్నుంచి అమ్మ అడిగింది.

"బాగుండారంట" అన్నాను.

పోస్టాఫీసుకు వెళ్లి, తప్పు పోతే ఇంకోటి ఉండాలని మూడు కార్డులు కొన్నాను. మూడింటి మీదా ఆయన చిరునామా తెలుగులో తప్పుల్లేకుండా రాశాను. వెనక వైపు ఏమీ రాయలేకపోయాను.